గవర్రాజు అనబడే ముక్కోణం

మా వీరంపూడిలో తయారయ్యే పళ్ళపొడి పేకెట్టు మీద ఒక ముక్కోణం ఉంటుంది. దాని లోపల ఏమీ ఉండదు, చుట్టూ ఏమీ ఉండదు. కింద "గవర్రాజు పళ్ళపొడి" అని చిన్న అక్షరాల్లో ఉండేది గానీ, అది చదివి కొన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. కొట్టుకెళ్ళి "ముక్కోణం పొడి" అంటే చాలు, గులాబీరంగు పొడి చేతిలో పడుతుంది. గవర్రాజు గారి తండ్రి, కొడుకు పుట్టిన ఏడాదే వ్యాపారం మొదలుపెట్టి పొడికి కొడుకు పేరే పెట్టుకున్నాడు. బొమ్మ మాత్రం ఏనుగుది వేయిద్దామనుకున్నాడట. అచ్చు చెక్కడానికి కూర్చున్న వడ్రంగి ఏనుగు రాదన్నాడు, నెమలీ రాదన్నాడు, చివరికి తనకొచ్చిందేదో చెక్కి ఇచ్చి వెళ్ళాడు. మా ఊరి పళ్ళు ఇన్నాళ్ళూ ఆ చెక్కముక్క పుణ్యాన తెల్లగా ఉన్నాయి.

ఇలా ఉండగా పక్కనున్న చింతలరేవులో దొరబాబు అనే ఆయన కూడా గులాబీరంగు పొడి మొదలుపెట్టి, పేకెట్టు మీద ముక్కోణం వేశాడు. అందులో ఇటుకపొడి పాలెంత అన్నది కేసులో తేలని విషయం కనక నేను మాట్లాడను. జనం మాత్రం ముక్కోణం అడిగి, దొరబాబు పొడితో తోముకుని, చిగుళ్ళు మండి గవర్రాజు గారిని తిట్టడం మొదలుపెట్టారు. పేకెట్లు కట్టే ఆడవాళ్ళు మధ్యాహ్నానికే పనిలేక ఇళ్ళకు పోతున్నారు. అప్పుడు గవర్రాజు గారు నా దగ్గరికొచ్చారు.

నేను వకీలును. చేసేవి గట్టు తగాదాలే అయినా చట్టం మీదా, దాన్ని నడిపే ఆఫీసుల మీదా నాకు అపారమైన గౌరవం. ఆ గౌరవానికి లోటు రాకుండానే ఈ సంగతి చెబుతున్నాను.

పొడి పేరు తండ్రి హయాంలోనే ట్రేడ్‌మార్కుగా రిజిస్టరైంది కనక దానితో పేచీ లేదు. మిగిలింది బొమ్మ. ముక్కోణాన్ని కూడా గవర్రాజు గారి పేరన రిజిస్టరు చెయ్యమని పట్నంలోని ఆఫీసుకు దరఖాస్తు పెట్టాం. జవాబు త్వరగానే వచ్చింది. "సదరు ఆకృతి మిక్కిలి సరళమైనదై, విశిష్టతా లక్షణము కొరవడినదై, చూపరుల మనస్సున ఎట్టి ముద్రయు వేయజాలనిదై యున్నందున తిరస్కరించ నిశ్చయించడమైనది. అభ్యంతరము లున్నచో స్వయముగా హాజరై విన్నవించుకొనవచ్చును." గవర్రాజు గారు దాన్ని నాచేత మూడుసార్లు చదివించుకుని, ఇది అవుననడమా కాదనడమా అని అడిగారు.

హాజరయ్యాం. అక్కడి అధికారి భీమశంకరం గారు. మనిషి మంచివాడు, మాకు కుర్చీలు కూడా వేయించారు.

"ముక్కోణం సృష్ట్యాది నుంచి ఉన్నదండీ" అన్నారాయన. "మీ పళ్ళపొడి ఎప్పటినుంచి ఉన్నది?"

"మా నాన్నగారి హయాం నుంచండి" అన్నారు గవర్రాజు గారు.

"నేను మనవి చేస్తున్నదీ అదే" అని భీమశంకరం గారు తృప్తిగా వెనక్కి వాలారు.

బొమ్మ ఇంకాస్త చిక్కుగా ఉంటే ఒప్పుకుంటారా అని అడిగాను. సంతోషంగా ఒప్పుకుంటామన్నారు. ఈమధ్యే గొడుగు పట్టుకుని ఏనుగు మీద కూర్చుని సన్నాయి ఊదుతున్న మొసలి బొమ్మను ఎవరికో రిజిస్టరు చేసి ఇచ్చారట. అది జనానికి గుర్తుంటోందా అన్నాను. గుర్తుండటం వేరు, గుర్తుండదగి ఉండటం వేరు, కార్యాలయానికి రెండోదానితోనే నిమిత్తం అని ఆయన ఓపిగ్గా వివరించారు. ముక్కోణం జనానికి గుర్తుంది గానీ గుర్తుండదగినది కాదు. మొసలి గుర్తుండదగినది గానీ ఎవరికీ గుర్తులేదు. నాకు చట్టం మీద గౌరవం ఇంకొంచెం పెరిగింది.

అయితే దారి లేకపోలేదట. సరళమైన ఆకారమైనా వాడగా వాడగా విశిష్టత సంపాదించుకుంటే దాన్ని "ఆర్జిత విశిష్టత" అంటారు. ముక్కోణాన్ని విడిగా, పొడి లేకుండా, పేకెట్టు లేకుండా చూపించినప్పుడు సామాన్యుడి నోట గవర్రాజు గారి పేరు రావాలి. వేరే మాట రాకూడదు. పదిమందిలో తొమ్మిదిమంది అలా చెప్పారంటే ముక్కోణం మాదే. వర్షాలు తగ్గాక ఆఫీసువాళ్ళే వచ్చి సర్వే చేస్తారు.

ఊరికొచ్చి తెల్లకాగితం మీద ముక్కోణం గీసి, బజార్లో కనపడినవాళ్ళకల్లా చూపించాను. మిఠాయికొట్టు దగ్గరున్నవాళ్ళు సమోసా అన్నారు. ఆటోవాళ్ళు ముందు మలుపుందన్నారు. ఇంతలో ఒక పెద్దావిడ కాగితం తలకిందులుగా పట్టుకుని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆపరేషన్ బొమ్మ మా వయసువాళ్ళకెందుకు నాయనా, ఆ సంగతి కోడళ్ళతో మాట్లాడుకో అంది. కుటుంబ నియంత్రణవాళ్ళు ఆ ముక్కోణాన్ని తలకిందులు చేసి ఎన్నేళ్ళు ఎన్ని గోడల మీద రాయించారో అప్పుడు గుర్తొచ్చింది. పొడి అంటే అందరికీ ముక్కోణం తోస్తోంది. ముక్కోణం అంటే ఒక్కరికీ పొడి తోచడం లేదు. గవర్రాజు గారు అరుగు మీద కూలబడ్డారు.

అప్పుడు రంగంలోకి దిగారు సూర్యచంద్రరావు మాస్టారు. ఆయనది శిఖరం కోచింగు సెంటరు. మా జిల్లాలో పరీక్ష అన్న మాట వినబడితే చాలు, దానికి కోచింగు తయారైపోతుంది. మాస్టారు నా దగ్గర సర్వే వివరాలన్నీ విని, కాసేపు నమ్మలేనట్టు చూశారు.

"దీన్ని సర్వే అంటారేంటండీ వకీలు గారూ. ఒకటే ప్రశ్న, ఒకటే జవాబు, పేపరు ముందే తెలిసిపోయింది. నా సర్వీసులో ఇలాంటి పరీక్ష రాలేదండి. ఊరు మొత్తాన్ని పాసు చేయించేత్తాను."

జనం మనసులో సహజంగా ఏముందో తెలుసుకోవడం వాళ్ళ ఉద్దేశమని చెప్పబోయాను. సహజంగా ఉన్నదానికి ర్యాంకులు రావన్నారు మాస్టారు. అనుభవజ్ఞుడి మాట కనక నేను ఎదురు చెప్పలేదు.

పొద్దున్న ఆడవాళ్ళ బ్యాచి, మధ్యాహ్నం రైతుల బ్యాచి, సాయంత్రం ఆటోవాళ్ళదీ కొట్లవాళ్ళదీ. వచ్చినవాళ్ళకి హాజరు పట్టీ మీద పేకెట్టు పొడి ఉచితం. మాస్టారు అట్టముక్క ఎత్తగానే క్లాసంతా "గవర్రాజు" అనాలి. మొదటివారం పెద్ద ముక్కోణం, చిన్న ముక్కోణం. రెండోవారం పక్కకి ఒరిగినవి. తలకిందుల ముక్కోణానికి ప్రత్యేకంగా రివిజను పెట్టారు, పెద్దవయసు ఆడవాళ్ళు సిగ్గుపడకుండా జవాబు చెప్పేదాకా వదల్లేదు. సమోసా అన్నవాళ్ళకు మైనస్ మార్కులు. ప్రతి ఆదివారం టెస్టు, సోమవారం ఫ్లెక్సీ. సర్పంచి గారి తల్లి మొదటి ర్యాంకు తెచ్చుకుని, దండ వేసుకుని, ఫ్లెక్సీ మీంచి బస్టాండు మొత్తాన్ని చూస్తూ ఉండేది. మా ఎదురింటి కుర్రాడు వరసగా రెండు వారాలు తడబడితే వాళ్ళమ్మ వాడికి టీవీ ఆపేసి, గోడకి ముక్కోణం అంటించి, దానికెదురుగా అన్నం పెట్టింది.

సర్వే రోజున ఊరంతా తలంట్లు పోసుకుని, పంచాయతీ ఆఫీసు ముందు వరసలో నిలబడింది. పట్నంనుంచి వచ్చినవాళ్ళు అట్ట ఎత్తడం, జనం "గవర్రాజు" అనడం. శుక్లాలు వచ్చిన ఒక ముసలాయన అట్ట పైకి తియ్యకముందే చెప్పేశాడు. పదికి తొమ్మిదిమంది అడిగితే మేము పదికి పదిమందినీ ఇచ్చాం. సర్వేవాళ్ళలో ఒకాయన, ఇంత గాఢమైన విశిష్టతను తన ఉద్యోగంలో చూడలేదని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ముక్కోణం గవర్రాజు గారి పేరన రిజిస్టరైంది. దొరబాబు పేకెట్ల మీంచి అది పోయింది. పేకెట్లు కట్టే ఆడవాళ్ళు మళ్ళీ సాయంత్రం దాకా ఉంటున్నారు. ఇక్కడితో అయిపోయి ఉంటే నేనీ కథ చెప్పేవాణ్ణి కాదు.

మా పిల్లలు పరీక్ష రాసిన మర్నాడు చదివిందంతా మర్చిపోతారు. అది వాళ్ళ ఆరోగ్యం. ఈ ఒక్కటీ ఎందుకో ఎవరూ మర్చిపోలేదు. పైగా చిన్నా పెద్దా, చదువుకున్నవాడూ చదువుకోనివాడూ అందరూ కలిసి ఒకే మాట నేర్చుకోవడం మా ఊళ్ళో అదే మొదలు. ఆ ఏడు పదో తరగతి లెక్కల పేపర్లు దిద్దినవాళ్ళకి మా బడినుంచి "సమబాహు గవర్రాజులో మూడు భుజాలూ సమానం" అని వరసపెట్టి వచ్చింది. కాపీ కొట్టారేమోనని కమిటీ వేశారు. కమిటీ మా ఊరొచ్చి, కాఫీలు తాగి, నలుగురినీ అడిగి, "స్థానిక వ్యవహారమునందు త్రిభుజమునకు గవర్రాజు అను పర్యాయపదము కలదని తేలినందున పూర్తి మార్కులు వేయదగును" అని రాసి వెళ్ళింది. నా దగ్గరికొచ్చే గట్టు తగాదాల్లో కూడా, మా చేను ఉత్తరపు చివర గవర్రాజుగా ఉంటాదండి అని చెప్పడం మొదలైంది. నేనే రెండు దస్తావేజుల్లో అలా రాశాను. రాసిన సంగతి తర్వాత ఎప్పుడో గమనించాను.

గవర్రాజు గారు మొదట్లో మురిసిపోయారు. పిల్లలు నేల మీద గీసుకుంటూ తన పేరు అంటుంటే నిలబడి చూసేవారు. తర్వాత తర్వాత ఆ ముచ్చట తగ్గింది. పెళ్ళిలో ఎవరో "గవర్రాజు గారూ, ఇలా రండి" అంటే నలుగురు నవ్వారు. ఆకారాన్ని పట్టుకుని గారూ అంటాడేమిటని. మోకాలి నొప్పికి ఆసుపత్రికి వెళితే చీటీ రాసే అమ్మాయి పేరడిగింది. ఈయన చెప్పారు. "నొప్పి ఏ ఆకారంలో ఉందో తర్వాత చెబుదురు గానీ, ముందు పేరు చెప్పండి" అందిట. ఆ సాయంత్రం నాతో ఆ ముక్క చెబుతూ నవ్వబోయారు గానీ, నవ్వు రాలేదు. నాకు జాలేసింది.

దొరబాబు ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు. కమిటీ రాసిన కాగితం నకలు తెప్పించుకుని, పట్నం ఆఫీసులో పిటిషను పడేశాడు. గవర్రాజు అనేది ఒక ఆకారం పేరని ప్రభుత్వమే ఒప్పుకుంది, ఆకారాల పేర్లు ఎవడబ్బ సొమ్మూ కావు, కాబట్టి ఆ పేరు రిజిస్ట్రేషను కొట్టేసి, తన పొడి మీద కూడా "గవర్రాజు" అని వేసుకోనివ్వాలి అన్నది దాని సారాంశం. మళ్ళీ భీమశంకరం గారి ముందు కూర్చున్నాం.

"తమ కృషి ఫలించిందండీ. మితిమీరి ఫలించింది" అన్నారాయన బాధగానే. "ఒక పేరు ఒక వర్తకుడి సరుకును సూచించినంతకాలం అది మార్కు. సరుకును దాటి జగత్తులో ఉన్న ముక్కోణాలన్నిటికీ వర్తించినచో అది భాష అవుతుంది. భాషను ఒకరి పేరన రాసి ఇచ్చుట ఈ కార్యాలయపు పరిధిలో లేదు."

జనం ఆ పేరు చెప్పాలని పట్టుబట్టింది మీరే కదా అన్నాను. చెప్పాలన్నాము గానీ ఇంతమంది చెప్పాలని అనలేదన్నారు. తొమ్మిదిమంది దగ్గర ఆగి ఉంటే విశిష్టత, పదో మనిషి కూడా చెప్పేసరికి అది నిఘంటువు.

 అప్పుడు గవర్రాజు గారు లేచి నిలబడ్డారు.

"ముక్కోణం ఉంచుకోండని తమరే ఇచ్చారు, సంతోషమండి. కావాలంటే అది తీసేసుకోండి, ఇంకోటి గీసుకుంటాను. పేరు మా నాన్న పెట్టిందండి. అది తమరు కొట్టేత్తే నన్ను ఏమని పిలుత్తారండి?"

భీమశంకరం గారు టేబులు మీది పేపరు వెయిటును కాసేపు అటూ ఇటూ జరిపారు. మనిషి మంచివాడని ముందే చెప్పాను. మీ ఊళ్ళో ఆ మాట వినగానే ఆకారం కాక మనిషి మనసులో మెదిలేవారు ఎవరైనా మిగిలి ఉంటే, ఒక్కరినైనా సరే, సాక్షిగా తీసుకురండి, పరిశీలిస్తాను అన్నారు.

ఊరికొచ్చి మాస్టారి మీద పడ్డాం. నేర్పింది మరిపించే కోర్సు ఏదైనా పెట్టమన్నాను. మాస్టారు తలవంచుకున్నారు. పాతికేళ్ళుగా ఎన్నో నేర్పాను, ఏదీ ఎవరికీ మిగల్లేదు, మిగిలింది ఇదొక్కటే, దీన్ని నా చేత్తో ఎలా చెరపమంటారు అని గద్గదంగా అన్నారు. పోనీ క్లాసుకు రానివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఆయన ఆలోచించి, గవర్రాజు గారి వైపు చూసి, "మీ ఆవిడ గారొక్కరేనండి. ఎన్నిసార్లు కబురెట్టినా రాలేదు, సర్వేకీ రాలేదు" అన్నారు.

రాకపోవడానికి కారణం మా ముగ్గురికీ ఒక్కసారే తట్టింది. జవాబు నోటితో చెప్పాలి. ఆ జవాబు మొగుడి పేరు. నూకరత్నం గారు కాపరానికొచ్చిన నాటినుంచి ఆయన్ని "ఇదిగో" అనీ "మిమ్మల్నే" అనీ పిలవడమే గానీ పేరు పెట్టి పిలిచి ఎరగదు. రేషను కార్డు దగ్గర కూడా పక్కింటావిడ చేత చెప్పించుకునే మనిషి.

నూకరత్నం గారు పట్నానికి పట్టుచీర కట్టుకుని వచ్చింది. బస్సులో భర్త పక్కన కూర్చుంది గానీ, దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూసింది. ఆఫీసులో దొరబాబు కూడా ఉన్నాడు. భీమశంకరం గారు అట్ట తీసి చూపించి, ఇదేమిటమ్మా అని అడిగారు.

"ముక్కోణమండి. మా పేకెట్టు మీద ఉంటాది."

దానికి ఇంకో పేరేమైనా ఉందా అంటే, తనకు తెలియదంది. ఆ మాట విని గుమస్తా కూడా తలెత్తి చూశాడు. గవర్రాజు అనగా ఏమిటి అని అడిగారు భీమశంకరం గారు. ఆవిడ కొంగు భుజం నిండా కప్పుకుని, చూపు నేలమీద ఉంచి, చెయ్యి మాత్రం భర్త వైపు చూపించింది. సైగలు రికార్డులోకి ఎక్కవమ్మా, నోటితో చెప్పవలెను అన్నారాయన.  దొరబాబు గొంతు సవరించుకున్నాడు. గవర్రాజు గారు ఆమె వైపు చూడటానికి కూడా మొహమాటపడి, గోడమీది క్యాలెండరు కేసి చూస్తూ కూర్చున్నారు. నేను ఆశ వదిలేసుకున్నాను.

"గవర్రాజు అంటే మా ఆయనండి" అంది నూకరత్నం గారు.

గొంతు చిన్నదే గానీ గది మొత్తానికీ వినబడింది. ఒకసారి వచ్చేశాక ఇక ఆగలేదు.

"గవర్రాజు అంటే ముక్కోణం కాదండి. ముక్కోణానికి మోకాలు నెప్పి ఉండదు. గవర్రాజు కాకరకాయ తినరండి. పొడి దంచేటప్పుడు తుమ్ముతారు. నాకు జొరమొత్తే అన్నం వండుతారండి, మాడ్చేత్తారు. అయినా వండుతారు. ఊరోళ్ళు ఏం నేర్చుకున్నారో నాకు తెలీదు. నాకు తెలిసిన గవర్రాజు ఈయనొక్కరే."

గవర్రాజు గారు క్యాలెండరు మీంచి చూపు తిప్పలేదు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, నావీ అంతే.

పదిరోజులకు ఉత్తర్వు వచ్చింది. అందులో భీమశంకరం గారు తన శక్తి మొత్తం ధారపోశారు. గవర్రాజు అనగా ముక్కోణమని లోకవ్యవహారమున స్థిరపడినది. ముక్కోణమో, గవర్రాజు గారి పేరన రిజిస్టరైయున్నది. కావున ఆ పదము ముద్రించుట ముక్కోణమును ముద్రించుటతో సమానము గనుక దొరబాబు దానిని వాడరాదు. అది ఆకారపు పేరు గనుక గవర్రాజు గారును పేకెట్టుపై వాడరాదు. అయితే, "సదరు పదము శ్రీమతి నూకరత్నం నివసించు గృహము నందు ఒక వ్యక్తినే సూచించుచున్నదని నిస్సందేహముగా రుజువైనందున, సదరు గృహపు హద్దుల మేరకు రిజిస్ట్రేషను కొనసాగును. హద్దుల వెలుపల అది ఆకారమే." చివర్లో ఒక షరతు. వాడుకలో లేని మార్కు రద్దవుతుంది కాబట్టి, సాక్షి సదరు పేరును ప్రతిదినము నోటితో, పొరుగువారికి వినబడునట్లు వాడుచుండవలెను.

పేకెట్ల మీద ఇప్పుడు ఉత్త ముక్కోణమే ఉంటోంది. అమ్మకాలకు లోటేమీ లేదు. దొరబాబు చదరం వేసుకుంటున్నాడు, దాన్ని రిజిస్టరు చేయించుకునే ప్రయత్నంలో ఉన్నాడు, సూర్యచంద్రరావు మాస్టారు చింతలరేవులో బ్రాంచికి ఇల్లు వెతుకుతున్నారు. పొరుగువాళ్ళంటే మేమే కనక ఉత్తర్వులోని షరతు అమలవుతోందని ఏటా రాసిచ్చే బాధ్యత నా మీద పడింది. మొదట్లో నూకరత్నం గారు పెరట్లోకొచ్చి, ఎవరూ లేకుండా చూసి, బావిలోకి చెప్పినట్టు చెప్పేది. వినబడలేదని నేను గోడ మీంచి అనాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ బెరుకు పోయింది. రోజూ తెల్లవారి కాఫీగ్లాసు పట్టుకుని వరండాలో నిలబడి, "గవర్రాజు గారూ" అని పిలుస్తుంది. ఆయన అప్పటికే లేచి మంచం మీద కూర్చుని ఉంటారు, మా కిటికీలోంచి నాకు కనబడుతూనే ఉంటారు. మొదటి పిలుపుకి మాత్రం పలకరు.